ఎవరి కుడి?

"అక్కా, రిటైరయినవట గదా, ఇగ ఆరాం!" అంటారు కామారెడ్డి బజారులో కనబడ్డవాళ్లు. నేను రిటైర్ కాలేదు. స్టేషన్ రోడ్డులో మా సేటు దుకాణంలో ఆ పద్ధతే లేదు. చెయ్యి ఆడినన్నాళ్లు పని, ఆడని నాడు ఇల్లు. నా చెయ్యి ఇప్పటికీ బాగానే ఆడుతుంది. ఎల్లారెడ్డిలో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను చేసిన పనికి సోమవారం పొద్దున సేటు నన్ను ఇక రావద్దన్నాడు. సరేనని నా స్క్రూడ్రైవర్ల సంచీ భుజాన వేసుకుని వచ్చేశాను. ఆ ఆదివారం మళ్లీ వస్తే మళ్లీ అదే పని చేస్తాను. కాబట్టి ఇది చదివి "అయ్యో పాపం" అనేవాళ్లు ఇక్కడే ఆపేయవచ్చు.

ఐటీఐ నుంచి ఈ మధ్య పనిలోకి వచ్చిన ఆడపిల్లలు కొందరు ఫోన్ చేస్తుంటారు. ఇన్నేళ్ల అనుభవం కదా, మాకు నాలుగు మంచి మాటలు చెప్పమంటారు. మంచి మాటలు చెప్పడానికి ఊళ్లో చాలామంది ఉన్నారు. నేను నా తప్పు ఒకటి చెప్తాను, అది మీకు ఎక్కువ పనికొస్తుంది.

నేను రేడియో, టీవీ మెకానిక్ కోర్సు చదివినప్పుడు క్లాసు మొత్తంలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. దుకాణంలో చేరిన మొదటి వారంలోనే ఒకాయన టీవీ పట్టుకొచ్చి, చేతిలో సోల్డరింగ్ ఇనుముతో కూర్చున్న నన్ను చూసి, "మెకానిక్ లేడామ్మా?" అని అడిగాడు. "నేనే" అన్నాను. "నువ్వు గాదమ్మా, మెకానిక్" అన్నాడు. ముప్పై ఏళ్లు దాటినా ఆ మాట నా వెంట పడుతూనే ఉంది. "నీకేం తెలుసమ్మా" అన్న ప్రతివాడి సెట్టూ విప్పి, జబ్బు చూపించి, మూత బిగించి పంపాను. నోరు కూడా కొంచెం పదునెక్కింది. ఎక్కకపోతే బతికేదాన్ని కాదు.

పనిలో నాకు తోడు ఒక అన్న ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అంతకుముందు సొంతంగా మైకుసెట్టు నడిపేవాడు. పెళ్లిళ్లు, వినాయకుని మండపాలు, ఓట్ల సభలు అన్నీ తిరిగాడు. డీజేలు వచ్చాక మైకుసెట్టును పిలిచేవాళ్లు లేక, మా దుకాణంలో నిచ్చెన ఎక్కి గోడకు టీవీలు బిగించే పనికి వచ్చాడు. నన్ను "చెల్లె" అనేవాడు. చదువు నాది, చెవి ఆయనది. సౌండు పని నిజంగా నేర్పింది ఆయనే.

"పెట్టె దగ్గర నిలబడు చెల్లె, జనం దిక్కు మొఖం పెట్టు" అనేవాడు. "ఎనుకున్నోనికి ఇనబడ్తుందా లేదా వాని మొఖమే చెప్తది. పెట్టె దిక్కు సూస్తే ఏం తెలుస్తది?"

పాతికేళ్లు అలాగే నిలబడ్డాను. మెషిన్ పక్కన, జనం వైపు తిరిగి. ఎల్లారెడ్డిలో కూడా అలాగే నిలబడ్డాను.

ఆ ఇంటాయన ఇరవై ఏళ్లు గల్ఫ్‌లో డ్రైవర్‌గా చేసి తిరిగొచ్చాడు. ఎల్లారెడ్డిలో కొత్త ఇల్లు కట్టి, పైన ఒక గదిని సినిమా కోసమే విడిగా వదిలిపెట్టాడు. ఎదురు గోడకు పెద్ద తెర, వెనక సీలింగుకు ప్రొజెక్టర్, నడుమ సోఫాలు. నాలుగు మూలల నుంచి సౌండు రావాలన్నాడు, కానీ ఒక్క తీగ కూడా కంటికి కనబడకూడదన్నాడు. అందుకే వైర్‌లెస్ సెట్టు కొన్నాడు. ఆ గది మీద అంత పట్టుదల ఎందుకని నేనడిగితే చెప్పాడు.

"నేను పనిచేసిన ఇంట్ల గిట్లాంటి రూము ఉండె, అక్కా. వాళ్లు లోపల సినిమా సూస్తుంటె, ఎప్పుడు బండి తియ్యమంటరో తెల్వక నేను గోడవతల కుర్చీ ఏస్కొని కూసునేది. లోపలికెల్లి ధన్ ధన్ అని సప్పుడొచ్చేది. కుర్చీ కాళ్లు అదిరేటియి. ఒక్కనాడన్న లోపల ఎట్లుంటదో సూడలే."

ఆ మాట విన్నాక ఈ పని బాగా చేయాలని నాకు గట్టిగా అనిపించింది. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం లేదు, తర్వాత చెప్పబోయేది చదివేటప్పుడు అది గుర్తుంచుకోండి.

మొదటి పేచీ మేము పెట్టెలు విప్పగానే వచ్చింది. ప్రతి స్పీకర్ వెనకాల కరెంటు ప్లగ్గు తీగ వేలాడుతోంది. ఆయన ముఖం మాడిపోయింది.

"గిదేందక్కా? వైర్‌లెస్ అంటిరి గదా? గీ వైరేంది మల్ల?"

"పాట గాలిల వస్తది, బాపూ. కరెంటు గాలిల రాదు" అన్నాను.

"అట్లైతే వైర్‌లెస్ అని ఎందుకు రాసిన్రు దీని మీద?"

అది ఆ పేరు పెట్టినవాళ్లను అడగాల్సిన మాట. ఆ పేరును నమ్మి ఆయన వెనక గోడకు ప్లగ్గులు పెట్టించలేదు. పైగా అప్పుడే రంగులు వేశారు. ఆయన చూస్తుండగా అన్న ఆ కొత్త గోడను చెక్కుతుంటే, ఆ ఇంటాయన తన పన్నే పీకుతున్నట్టు మొహం పెట్టాడు. సాయంత్రానికి తీగలు గోడలోకి పోయాయి, పైన లప్పం పట్టింది, రంగు మళ్లీ పడింది. మరునాడు పొద్దున స్పీకర్లు నాలుగూ మూలల్లో నిలబెట్టాం.

ఇక మిగిలింది ఏ స్పీకర్ ఎక్కడ ఉందో సెట్టుకు చెప్పడం. ఫోన్‌లో ఆ సెట్టు యాప్ తెరిస్తే అది ఒక్కొక్క స్పీకర్‌ను మోగిస్తుంది. మోగింది ముందు కుడిదా, ముందు ఎడమదా, వెనక కుడిదా, వెనక ఎడమదా మనం నొక్కాలి. పూర్వం ఆ బెడద లేదు. తీగను చేత్తో పట్టుకుని పోతే అది ఎక్కడికి పోతుందో అక్కడికి తీసుకుపోతుంది. తీగ అబద్ధం చెప్పదు. ఇందులో పట్టుకోవడానికే ఏమీ లేదు.

సెట్టు పెట్టె తెర కింద ఉంది. నేను దాని పక్కన, సోఫాల వైపు తిరిగి నిలబడి, మోగినదల్లా నొక్కుకుంటూ పోతున్నాను. నిచ్చెన మీద ప్రొజెక్టర్ సరిచేస్తున్న అన్న మెల్లగా అడిగాడు.

"చెల్లె, కుడి అంటే ఎవరి కుడి?"

అప్పటికే ఇంటాయన ఉదయం నుంచి మూడుసార్లు "దుకాణంల మొగ మెకానిక్ ఇంకెవరన్న ఉన్నరా?" అని సౌమ్యంగా అడిగి ఉన్నాడు. నా ఒళ్లు మండుతోంది.

"నా కుడి. ఇంకెవరి కుడి?" అన్నాను.

అన్న ప్రొజెక్టర్ వైపు తిరిగిపోయాడు.

అన్నీ నొక్కాక ఒకసారి పరీక్ష పెట్టాను. సెట్టులోని గొంతు "లెఫ్ట్" అంది, నా ఎడమ చేతి పక్కన మోగింది. "రైట్" అంది, నా కుడి పక్కన మోగింది. సరిపోయింది. తర్వాత ఒక సినిమాలో ఫైటు పెట్టాం. గది దద్దరిల్లింది. ఇంటాయన సోఫాలో కూర్చుని రెండు చేతులూ సోఫా చేతుల మీద పెట్టి, కళ్లు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు నటించాను.

ఆయన భార్య అప్పుడు గదిలోకి వచ్చింది. లింగంపేట దగ్గరి ఊరు ఆమెది. భర్త గల్ఫ్‌లో ఉన్న ఇరవై ఏళ్లూ బీడీలు చుట్టి ఇల్లు నడిపిన మనిషి. ఇప్పుడు అవసరం లేకపోయినా మానలేదు. "చెయ్యి ఊకుంటదా అక్కా?" అంది నాతో. చాటలో తంబాకు, తడి ఆకుల మూట, కత్తెర, దారం పెట్టుకుని సోఫాల ముందు నేల మీద కూర్చుంది. సినిమా నడుస్తోంది, ఆమె మాత్రం తెర వైపు చూడటం లేదు. కళ్లు ఆకు మీదే. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం. తల ఎత్తకుండా నవ్వాల్సిన చోట నవ్వుతోంది.

నేను వింతగా చూస్తుంటే ఆమే చెప్పింది. "మేము టీవీ గిట్లనే సూస్తమక్కా, చెవులతోని. తల లేపితె బీడీ పోతది."

కొంచెం సేపయ్యాక సినిమాలో ఒక లారీ రోడ్డు మీద ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకుపోయింది. ఆమె చటుక్కున తల ఎత్తి ఒక పక్కకు చూసింది. లారీ అక్కడ లేదు, ఇంకో పక్కన ఉంది. ఆమె చేతిలో చుడుతున్న బీడీ ఆగిపోయింది.

"అక్కా, ఒక మాట జెప్పాల్నా?" అంది నాతో. "లారీ గిటుకెల్లి గటు వోయింది. సప్పుడేమో గటుకెల్లి గిటొచ్చింది."

నేను నోరు తెరిచేలోపే భర్త పకపకా నవ్వాడు. "నీకేం దెల్సే? బీడీలు జేసుకుంట కూసున్నదానివి, తెర దిక్కు సూసినవా అసలు? ఆ అక్క మెషిన్ పెట్టి పరీక్ష జేసింది."

ఇప్పుడు నేనేమన్నానో వినండి. నన్ను ముప్పై ఏళ్లు "నీకేం తెలుసమ్మా" అన్నవాళ్లను ఒక్కొక్కరినీ గుర్తుపెట్టుకున్న నేను ఏమన్నానంటే, "మెషిన్ల పని తల్లీ, నీకు సమజ్ గాదు. కొత్తగ ఇంటున్నవు, అలవాటైతది" అన్నాను. ప్రేమగానే అన్నాను. వీపు మీద చెయ్యి వేసి కూడా అన్నాను.

ఆమె నా ముఖంలోకి ఒక క్షణం చూసి, "గట్లనా" అని తల దించుకుంది. సగం చుట్టిన బీడీ పూర్తి చేసింది.

మేము సామాను సర్దుకుని కామారెడ్డి బస్సెక్కాం. సేటు మహా సంతోషించాడు. ఆ గది వీడియో ఫోన్‌లో పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపించడం మొదలుపెట్టాడు.

రెండు వారాలైంది. ఒక శనివారం ఎల్లారెడ్డి నుంచి ఇంటాయన దుకాణానికి ఫోన్ చేశాడు. రేపు మధ్యాహ్నం చుట్టాలందరినీ పిలిచాను, బావమరుదులు, వాళ్ల పిల్లలు, అంతా సినిమాకు వస్తున్నారని చెప్పి, సేటుకు, నాకు షుక్రియా అన్నాడు. ఆఖరుకు నవ్వుతూ ఇంకో మాట చెప్పాడు.

"మా ఆమెకు చెవులు పోయినట్టున్నయి, అక్కా. ఇంకా అదే పాట. సప్పుడు అటు ఇటు అయితుంది అంటది. చుట్టాలల్ల నగుబాటు. సోమవారం నిజామాబాద్ తీస్కవోయి చెవుల డాక్టరుకు సూపెడ్త."

నేను కూడా నవ్వాను. "మంచిది, సూపెట్టుండ్రి" అన్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

అదే రోజు మధ్యాహ్నం అన్న, నేను సదాశివనగర్‌లో ఒక టీవీ బిగించి ఆటోలో తిరిగొస్తున్నాం. ఊరి మధ్యలో ఆటో ఆగిపోయింది. మక్కజొన్న బస్తాలున్న ట్రాక్టర్ ఒకటి రోడ్డుకు అడ్డంగా నిలబడి, వెనక్కి ఒక వాకిట్లోకి పోవాలని చూస్తోంది. ట్రాలీ వెనక ఒక పెద్దమనిషి నిలబడి, డ్రైవర్ వైపు తిరిగి చేతులు ఊపుతూ, "కుడికి కొట్టు, కుడికి! ఇంకా కుడికి!" అని అరుస్తున్నాడు. డ్రైవర్ కొట్టాడు. ట్రాలీ పోయి గేటు దిమ్మెను గుద్దింది. దిమ్మె ఒరిగిపోయింది.

"కుడికంటె ఎటు కొట్టినవుర బద్మాష్!"

"కుడికే గదనె కొట్టిన!"

"గది నీ కుడి రా! నేను నా కుడి అంటున్న! సూసేది నేను గదా!"

ఆటోలో ఉన్నవాళ్లందరం నవ్వాం. నా నవ్వు సగంలోనే ఆగిపోయింది. తెర పక్కన, సోఫాల వైపు తిరిగి నిలబడ్డ నన్ను నేను చూసుకున్నాను. నా కుడి అంటే సోఫాలో కూర్చున్నవాళ్లకు ఎడమ. పరీక్ష పెట్టినప్పుడు కూడా అక్కడే నిలబడ్డాను, అందుకే అంతా సరిపోయింది. మాటలు తెర నడుమ నుంచే వచ్చినట్టు వినబడతాయి కాబట్టి ఎవరికీ ఏమీ తెలియలేదు. గది మొత్తం తారుమారుగా ఉంది. లారీ అటు పోతే చప్పుడు ఇటు వస్తోంది. కళ్లు దించుకుని చెవులతో చూసే మనిషి ఒక్కతే అది పట్టుకుంది.

అన్న వైపు చూశాను. ఆయన ఒరిగిన దిమ్మెను చూస్తున్నాడు.

"నువ్వు అడిగినవు గదా, అన్నా" అన్నాను.

"అడిగిన."

"మల్ల గట్టిగ ఎందుకు చెప్పకపోతివి?"

"నువ్వు కోపంల ఉంటివి చెల్లె. కరెంటున్న తీగను, కోపంల ఉన్న మెకానిక్‌ను ముట్టుకోవద్దని మా ఉస్తాదు చెప్పిండు" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు, నాకు ఏడుపొచ్చింది. నా తప్పుకు కాదు ఆ ఏడుపు. తప్పులు నేను లెక్కలేనన్ని చేశాను. ఒక ఆడమనిషి తన చెవులు చెప్పింది చెప్పినట్టు చెప్తే, ఆ చెవులను డాక్టరుకు చూపించమని నవ్వుతూ సలహా ఇచ్చానే, దానికి ఏడ్చాను.

దుకాణానికి పోగానే సేటుకు చెప్పాను. రేపు ఎల్లారెడ్డి పోతాను, పెట్టింది తప్పు, సరిచేసి వస్తాను అన్నాను. సేటు చెడ్డవాడు కాదు, వ్యాపారి. ముందు తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఖుషీగున్న మనిషి ఇంటికి పోయి, మాది తప్పైందని నువ్వే చెప్తవా? అదీ చుట్టాలందరు కూసున్న నాడు? దుకాణం ఇజ్జత్ ఏం గావాలె?"

"తప్పు అట్లనే ఉంటె ఇజ్జత్ ఉంటదా?"

"ఎవనికి తెలుస్తది చెప్పు? ఇన్ని దినాలల్ల ఎవనికన్న తెలిసిందా?"

"ఒకామెకు తెలిసింది."

"ఎవరికి? గా బీడీలు జేసే ఆమెకా?" అని చెయ్యి విసిరాడు. "ఇంకో నెల ఆగు. సర్వీసని పోయి, సప్పుడు జేయక సరిజేసి రా. పోతె మాత్రం రేపు పోవద్దు. పోయినవంటె నా దుకాణం మనిషివై పోయినట్టు గాదు."

ఆయన చెప్పిన ఉపాయం బాగానే ఉంది. చప్పుడు చేయకుండా సరిచేయవచ్చు. కానీ అలా చేస్తే ఆమె చెవులు పోయాయన్న మాట అలాగే మిగిలిపోతుంది. నేను సరిచేసిన తర్వాత చప్పుడు సరిగ్గా వినబడితే, "సూసినవా, అలవాటైంది" అంటారు. నేను చెప్పిందే నిజమవుతుంది. ఆ సంగతి తలచుకోగానే నాకు ఇంకే అనుమానమూ లేకపోయింది.

ఆదివారం పొద్దున బస్టాండులో అన్న నా కంటే ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. నేను రమ్మనలేదు. "సేటు నీ పని కూడ తీసేస్తడు" అన్నాను. "నిచ్చెన నాదే గదా చెల్లె, తీస్కపోత" అన్నాడు.

మేము చేరేసరికి ఇంటి ముందు బండ్లు, గుమ్మంలో చెప్పుల కుప్ప. పైకి ఎక్కాం. గది తలుపు మూసి ఉంది, లోపల సినిమా నడుస్తోంది. తలుపు బయట, వరండాలో గోడకు ఆనుకుని ఆమె కూర్చుని ఉంది. ఒళ్లో చాట. గోడ సన్నగా అదురుతోంది.

"లోపల కూసోలేదేం?" అని అడిగాను.

"తల తిరుగుతుందక్కా. నా చెవులే మంచిగ లేనట్టున్నయి. రేపు దవాఖానకు పోతున్నం" అంది. ఆనాడు అంత ధీమాగా తల ఎత్తి చెప్పిన మనిషి, ఇప్పుడు తప్పు తనదే అయినట్టు చెప్తోంది.

"నీ చెవులకేం గాలేదు. తప్పు నాది" అన్నాను. "నువ్వు చెప్పింది నిజం. చాట తీస్కొని లోపలికి రా."

ఆమె కదల్లేదు. చాటను ఒళ్లో సర్దుకుంది. తర్వాత అంది, "ఈడ నాతోని చెప్తె ఏం లాభం అక్కా? నాకు ఎరికే గదా. నవ్వినోళ్లు లోపల ఉన్నరు."

నేను తలుపు తోసి, లైటు వేశాను.

పది పన్నెండు మంది ఉన్నారు. లైటు పడగానే అందరూ కళ్లు చికిలించి చూశారు. ఇంటాయన సంబరంగా లేచాడు. "రాండ్రి రాండ్రి! గీ అక్కనే పెట్టింది ఇదంత!" అని బావమరుదులకు చూపించాడు. నేను సినిమా ఆపమన్నాను. నేను పెట్టిన తీరు తప్పని, కుడిది ఎడమకు, ఎడమది కుడికి పెట్టానని చెప్పాను. ఆయన నవ్వు అలాగే నిలిచిపోయింది. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, గిప్పుడు గీళ్ల ముంగట ఎందుకు? అందరు మంచిగుందంటున్నరు. రేపు వొచ్చి సూడుండ్రి."

"రేపు మీరు నిజామాబాద్ పోతున్నరు గదా" అన్నాను, గొంతు తగ్గించకుండా. "ఆమె చెవులు సూపెట్టనీకి. సూపెట్టాల్సింది ఆమెవి కాదు, నావి. నా తోటి పనిచేసే ఈ అన్న ఆనాడే అడిగిండు, నేను కోప్పడ్డ. మీ ఇంటామె చెప్పింది, నేను సమజ్ గాదన్న. ఇంత మంది నవ్విండ్రంటె, ఆ నవ్వు నా మీద నవ్వుండ్రి."

లారీ దూసుకుపోయే ముక్క మళ్లీ పెట్టాను. ఈసారి అందర్నీ కళ్లు మూసుకుని, చప్పుడు పోయిన వైపు చెయ్యి చాపమన్నాను. లారీ పోయింది. చేతులన్నీ ఒక పక్కకు లేచాయి. కళ్లు తెరవమన్నాను. తెర మీద లారీ ఇంకో పక్కన ఉంది. "అరె, గమ్మతుగుందే! మా అక్క జెప్పింది నిజమే" అన్నాడు ఒక బావమరిది, చాచిన చేతిని వెనక్కి తీసుకుంటూ.

ఇంటాయన మాత్రం చెయ్యి దించలేదు. తలుపు వైపు చూస్తున్నాడు. గుమ్మంలో ఆమె చాట పట్టుకుని నిలబడి ఉంది. నాకు ఊరుకోవడం చేతకాదు, అనేశాను.

"బాపూ, అక్కడ మిమ్మల్ని గోడవతల ఎవరో కూసోబెట్టిండ్రు. ఈడ ఈమెను కూసోబెట్టింది మనిద్దరం."

అలా అనకుండా ఉండాల్సిందని తర్వాత అన్న అన్నాడు. నేను అలా అనుకోవడం లేదు. ఆయన ముఖం నల్లబడింది, నిజమే. కానీ వచ్చి, భార్య చేతిలో చాట తనే అందుకుని, తీసుకుపోయి సోఫాల ముందు నేల మీద పెట్టింది కూడా ఆయనే.

సరిచేయడానికి గోడ చెక్కాల్సిన పని లేదు, నిచ్చెన ఎక్కాల్సిన పని లేదు. నేను సోఫాలో కూర్చుని, తెర వైపు తిరిగి, ఫోన్‌లో నాలుగు పేర్లు మార్చాను. మాకిచ్చిన చాయ్ చల్లారకముందే అయిపోయింది. మార్చడం అంత తేలిక. తప్పు ఒప్పుకోవడానికే కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా రావాల్సి వచ్చింది.

లారీ ముక్క మళ్లీ పెట్టాం. పోయింది. ఇంటాయన నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు సరైందా, అక్కా?"

"నన్నెందుకు అడుగుతున్నరు? నేను ఆనాడు గూడ సరైందనే అన్న" అన్నాను. "ఎరికున్నోళ్లను అడుగుండ్రి."

గదిలో అందరి తలలూ నేల వైపు తిరిగాయి. ఆమె తల దించుకుని ఆకు కత్తిరిస్తోంది. ఆయన రిమోట్ పట్టుకుని ఆమె పక్కన వంగి నిలబడ్డాడు. ఇరవై ఏళ్లు ఎడారిలో బండి నడిపిన మనిషి, ఒక్క మాట అడగడానికి గొంతు సవరించుకున్నాడు.

"ఏమే... సరైందా?"

ఆమె తంబాకు పోసింది, చుట్టింది, కొస మడిచింది, దారం రెండు చుట్లు చుట్టి తెంపింది. బీడీని కట్ట పక్కన పెట్టింది. తల ఎత్తలేదు.

"ఇంకోసారి పెట్టు" అంది.

ఆయన పెట్టాడు. లారీ పోయింది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆమె ఇంకో ఆకు తీసుకుంది.

"ఇంకోసారి."

ఆయన మళ్లీ పెట్టాడు.